నాజరు బుర్రకథ – మా కోయంబత్తూరు

1954వ సంవత్సరమున మా కోయంబత్తూరులోని పక్షిరాజా స్టూడియోవారు ఒకే కథను తమిళమునను తెలుగునను చిత్రములుగా తీసి విడుదల చేసిరి. తమిళచిత్రము పేరు 'మలైక్కళ్ళన్'. తెలుగుచిత్రము పేరు 'అగ్గిరాముడు'. రెంటికిని దర్శకులు యస్. యమ్. శ్రీరాములు నాయుడుగారే. తమిళమున యమ్. జి. రామచంద్రన్‌గారు, తెలుగున నందమూరి తారకరామారావుగారు నాయకపాత్రలు ధరించిరి. భానుమతిగారు రెండింటను నాయిక. తమిళచిత్రమునకు రాష్ట్రపతి రజతపతకము లభించిన సంగతి మా ఊరిలో నేటికిని చెప్పుకొందురు. తెలుగుచిత్రమును గూర్చి చెప్పుకొనువారు తక్కువ. అయినను తమిళచిత్రమున లేనిది ఒకటి తెలుగుచిత్రమున కలదు. అది అల్లూరి సీతారామరాజు బుర్రకథ. కథ చెప్పినవారు గుంటూరు జిల్లా పొన్నెకల్లు గ్రామమునకు చెందిన షేక్ నాజరుగారు.

ఆ చిత్రము విడుదలయగునప్పటికి మేము పుట్టలేదు. దానిని మేము చూచినది 1971వ సంవత్సర ప్రాంతమున, ఊరి వెలుపల డేరా వేసిన టూరింగు టాకీసులో. మా నాయనగారు నూలుమిల్లులో జాబరుగా ఉండెడివారు. తెలుగు చిత్రము వచ్చినదన్నచో రాత్రి షిఫ్టు మార్చుకొనియైనను మమ్ములను వెంటబెట్టుకొని పోయెడివారు. మావి ఎన్నియో తరముల క్రిందట తమిళదేశమునకు వచ్చిన కుటుంబములు. ఇంటిలో మాట్లాడునది తెలుగు. బడిలో చదివినది తమిళము. తెలుగు అక్షరములు మాకు పెద్దబాలశిక్ష నుండి నాయనగారే నేర్పిరి. అందుచేతనే కాబోలు, మేము వ్రాయు తెలుగు పుస్తకముల తెలుగుగను, మాట్లాడు తెలుగు సగము తమిళముగను ఉండును. ఈ లోపమును చదువరులు మన్నింతురుగాక.

డేరాలో ముందర ఇసుక. అది నేల టిక్కెట్టు. దాని వెనుక బెంచీలు, ఆ వెనుక కుర్చీలు. మేము బెంచీలపై కూర్చుంటిమి. ఇసుకపై మిల్లు వెనుక పేటలోని అరుంధతీయులు కూర్చుండిరి. బుర్రకథ మొదలయ్యెను. నడుమ తంబురాతో కథకుడు, ఇరుప్రక్కల గుమ్మెటలతో ఇద్దరు వంతలు. కథ వడిగా సాగుచుండగా హాస్యపు వంత ఏదియో ఒక మాట అనెను. బెంచీలపైనున్న మేము ఆ మాట అర్థము చేసికొని నవ్వుటకు ముందే ఇసుక మీదినుండి నవ్వు లేచెను. నాయనగారు తల త్రిప్పి అటు చూచిరి. ఆ పేటవారు ఇండ్లలో తెలుగే మాట్లాడుదురని మా ఊరిలో ఎవరికిని తెలియని సంగతి కాదు. తెలిసియు మేము వారిని తెలుగువారిలో ఎన్నడును లెక్కించియుండలేదు. నాజరుగారిని గూర్చి వ్రాయ పూనుకొన్నప్పుడెల్ల మాకు మొదట ఆ నవ్వే జ్ఞప్తికి వచ్చుచున్నది. ఆయన కళను గూర్చి మేము చెప్పదలచిన దానికిని దానికిని సంబంధము కలదు.

బుర్రకథ చూడని పిల్లలు మన కుటుంబములలో ఇప్పుడు చాలమంది కలరు గనుక అది ఎట్లుండునో కొంచెము వివరముగ చెప్పెదము. ముగ్గురు మనుష్యులు. నడుమనున్నవాడు కథకుడు. నిలువుటంగీ, నడుమున పట్టు, తలకు పాగా, కాళ్లకు గజ్జెలు. భుజముపై తంబురా. దాని బుర్రను బట్టియే కథకు బుర్రకథయను పేరు వచ్చినదందురు. చేతి బొటనవ్రేలికి అందె యను లోహపుటుంగరము. దానిని మరియొక దానితో తాకించి తాళము పుట్టించును. ప్రక్కనున్న ఇద్దరికిని గుమ్మెటలు కలవు. వీనినే కొన్నిచోట్ల డక్కీలనియు, బుడికెలనియు అందురు. ఆ ఇద్దరిలో ఒకడు హాస్యము చెప్పును. రెండవవాడు లోకవ్యవహారమును, రాజకీయమును ఎత్తిచూపును. కథకుడు ఒక చరణము పాడి నిలిపినంతనే ఇద్దరును 'తందాన తాన' యని అందుకొందురు. పాట, వెంటనే వచనము, మరల పాట. నడుమ నడుమ మూడడుగులు ముందునకు, మూడడుగులు వెనుకకు గజ్జెల చిందు. తెరలు లేవు, రంగాలంకారము లేదు, మార్చవలసిన వేషము లేదు. రాజు మాట, రాణి మాట, దొర మాట అన్నియు ఆ ఒక్క మనిషి నోటనుండియే రావలెను.

ఇందు వంతల పని చిన్నదని చూచువారు అనుకొందురు. మాకట్లు తోచదు. కథకుడు చెప్పుచుండగా వినువానికి ఏ సందేహము కలుగునో దానిని వంత ముందుగానే అడుగును. కథకుడు సమాధానము చెప్పును. కథకుడు పెద్దమాట ఏదైన వాడినచో వంత దానిని వెక్కిరించి వీధిమాటలోనికి దింపును. చదువు రానివాడును, మావలె సగము తెలుగు వచ్చినవాడును కథలో వెనుకబడకుండ ఆ వంత చేయిపట్టుకొని నడిపించును. హరికథలో దాసుగారు ఒంటరిగ నిలిచి సంస్కృతశ్లోకము చదివి అర్థము తామే చెప్పుదురు; అది పండితుని కళ. బుర్రకథలో అర్థమడుగుటకు మనవాడొకడు వేదికపైననే ఉన్నాడు.

ఈ రూపము నాజరుగారు పుట్టించినది కాదు. జంగములు చెప్పు జంగంకథలు, తందానకథలు, శారదకథలు అను పేర్లతో ఇది తెలుగుదేశమున పూర్వమునుండియు కలదు. బొబ్బిలికథ, బాలనాగమ్మకథ, కాంభోజరాజుకథ, కామమ్మకథ ఇట్లు చెప్పబడినవే. 1757వ సంవత్సరమున జరిగిన బొబ్బిలి యుద్ధము చదువురాని పల్లెవానికిని తెలిసియుండుటకు కారణము చరిత్రపుస్తకము కాదు, జంగము తంబురా. తమిళదేశమున ఉన్న మనకు దేసింగురాజు కథ ప్రత్యేకముగ చెప్పుకొనదగినది. ఆ రాజు సెంజికోటను ఏలినవాడు. ఆర్కాటు నవాబుతో పోరి 1714లో మరణించినవాడు. అతని కథను తమిళులు తమిళమున పాడుకొన్నారు, తెలుగువారు తెలుగున పాడుకొన్నారు. కోట ఇచ్చటనున్నది, కథ రెండువైపుల నడిచినది.

ఇక నాజరుగారు. వారు 1920వ సంవత్సరము ఫిబ్రవరి 5వ తేదీన జన్మించిరి. పుట్టినది దూదేకుల కుటుంబము. దూదేకులవారు మతమున మహమ్మదీయులు, ఇంటిభాష తెలుగు. ప్రత్తిని ఏకి దూదిచేయుట వారి కులవృత్తి. కర్ణాటకమున ఈ వృత్తివారినే పింజారులనియు నదాఫులనియు అందురు. ఆ రాష్ట్రమునందలి మన సోదరులకు వారు పరిచితులే. వీరబ్రహ్మముగారి శిష్యుడు సిద్ధయ్య దూదేకులవాడే యని తత్వములు పాడుకొనువారందరికిని తెలియును. ఏకెడివాడు పెద్ద వింటిని ఇంటి దూలమునుండి వ్రేలాడదీసి, దాని నారిని ప్రత్తిలో ఆనించి, కొయ్యగూటముతో మీటును. ఆ నారి మ్రోగును. మా చిన్నతనమున పరుపులు ఏకుటకు వీధులలోనికి వచ్చినవారి వింటిమ్రోత మేము విన్నాము. మిల్లులో యంత్రముల నడుమ దినమంతయు ఉండి వచ్చిన మా నాయనగారు ఆ మ్రోత విన్నప్పుడు అరుగుపై కూర్చుండి, అది ఆగువరకును లోనికి వచ్చెడివారు కారు.

నాజరుగారు బాల్యముననే నాటకములలో వేషములు వేసిరి. మురుగుళ్ల సీతారామయ్యగారి వద్ద శాస్త్రీయసంగీతము నేర్చిరి. పేదరికము వెన్నంటియే యుండెను. ఈ రెండు విద్యలును వారు బుర్రకథకు వచ్చునప్పటికి చేతిలోనున్న సొమ్ము. జంగము చెప్పిన కథలో పాట ఒకేతీరున, ఒకే వరుసలో గంటలకొలది నడచును. రాత్రి పొడుగునను వినువారికి అది సరిపోయెను. నాజరుగారు దానిలోనికి రాగమును తెచ్చిరి, నాటకపు అభినయమును తెచ్చిరి. శోకమునకొక వరుస, వీరమునకొక వరుస, వార్త చెప్పుటకు వడిగల వచనము. కథకుడు కథ చెప్పుటయే గాక కథలోని మనిషి యగుట వారితో బలపడినది. గొంతు పైస్థాయిలో నిలిచి, మాట మాత్రము ఒక్క అక్షరము జారక వినబడును. మైకు లేని మైదానమున వేలమందికి చెప్పవలసినవానికి ఇది అలంకారము కాదు, అవసరము.

ఆ మైదానములు వారికి ఎట్లు లభించినవో చెప్పవలెను. 1943వ సంవత్సరమున బొంబాయిలో ప్రజానాటకసంఘము ఏర్పడెను. ఆంధ్రదేశమున దానికి తోడుగ ప్రజానాట్యమండలి వెలసెను. డాక్టరు గరికపాటి రాజారావుగారు మొదలగువారు దానిని నడిపిరి. ఆ యేటనే వంగదేశమున ఘోరమైన కరువు వచ్చి లక్షలకొలది జనులు మరణించిరి. ఆ కరువును గూర్చి నాజరుగారు కథకట్టి ఊరూర చెప్పిరి. గుంటూరు జిల్లాలోని రైతునకు కలకత్తా వీధులలో జనము ఆకలితో పడిపోవుచున్నారను సంగతి ఏ పత్రిక వలన తెలియవలెను? చదువగలవాడు ఊరికి ఇద్దరు ముగ్గురు. రాజును గూర్చియు రాక్షసుని గూర్చియు చెప్పుటకు అలవడిన తంబురా ఆనాడు పోయిననెలలో జరిగిన సంగతిని చెప్పెను. బుర్రకథా చరిత్రలో ఇది పెద్ద మలుపు. ఆ కాలముననే మోటూరి ఉదయముగారు స్త్రీలతో బుర్రకథాదళమును ఏర్పరచిరి. సంసారస్త్రీలు గజ్జెకట్టి వేదిక ఎక్కుట అప్పటికి సామాన్యమైన సంగతి కాదు.

ఈ మండలి కమ్యూనిస్టుల సంస్థ. మాకు ఆ పక్షముతో గాని మరియే పక్షముతో గాని సంబంధము లేదు. యూనియనులు రెండుండిన మిల్లులో గుమాస్తాగా పనిచేసినవానికి అది అలవాటైనది. అయినను ఉన్నది ఉన్నట్లు చెప్పవలెను. అల్లూరి సీతారామరాజు 1922 ఆగస్టులో మూడుదినములు వరుసగ చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసుఠాణాలను ముట్టడించి తుపాకులు తీసికొనిపోయిన వీరుడు. 1924 మే 7వ తేదీన అతనిని కాల్చిచంపిరి. ఆయన పేరు పల్లెలకు ఎక్కువగా చేర్చినది ఈ దళముల తంబురాలే. 1948 తరువాత మద్రాసు రాష్ట్రమున కమ్యూనిస్టులపై నిర్బంధము హెచ్చినప్పుడు మండలి ప్రదర్శనలు సాగలేదు. కళాకారులు చెల్లాచెదరైరి. పలువురు మద్రాసు చేరి చలనచిత్రములలో ప్రవేశించిరి. రాజారావుగారు తీసిన 'పుట్టిల్లు' 1953లో విడుదలయ్యెను. మరుసటి సంవత్సరమే మా ఊరి 'అగ్గిరాముడు'. మైదానమున చోటు లేని కథకుడు ఈ విధముగ వెండితెరపైకి వచ్చెను. సీతారామరాజు మరణించిన 30 ఏండ్లకు ఆయన కథ కోయంబత్తూరులో తయారైన ఫిలిముపై ఆంధ్రదేశమంతయు తిరిగెను. మా ఊరు తెలుగుదేశమునకు పంపిన వస్తువులలో నూలుకండెలను లెక్కించువారు కలరు. దీనిని లెక్కించినవారు లేరు.

నాజరుగారు స్వయముగ కట్టి చెప్పిన కథలలో మేము అన్నిటికంటె పెద్దగా భావించునది పల్నాటి యుద్ధము. పన్నెండవ శతాబ్దమున కారంపూడి వద్ద జరిగిన అన్నదమ్ముల పోరది. శ్రీనాథుడు దానిని ద్విపదగ రచించినాడు. అంతకుముందును ఆ తరువాతను దానిని నోటితో నిలిపినవారు వీరవిద్యావంతులు, పిచ్చుకుంట్లవారు. కోడిపందెములు, నాగమ్మ యెత్తులు, బాలచంద్రుని పౌరుషము అందరికిని తెలిసినవే. ఈ కథలో బ్రహ్మనాయుడు చాపకూడు పెట్టినట్లు చెప్పుదురు. అనగా అన్ని కులములవారును ఒకే చాపపై కూర్చుండి ఒకే కూడు తినుట. మాలకన్నమదాసు అతనికి సేనాని, కొడుకుతో సమానుడు. గుంటూరు జిల్లావాడును, దూదేకుల యింట పుట్టినవాడునగు కథకుడు ఆ చాపకూటి ఘట్టమును గొంతెత్తి చెప్పునప్పుడు అది వట్టి పురాతనకథగా వినువారికి తోచునా? మేము ఆ కథ పూర్తిగ వినుట తరువాతి మాట. పేరున్నదో లేనిదో, ఒక దళము మా ఊరికి వచ్చి ఆ కథ చెప్పిన రాత్రి మాత్రము బాగుగ గుర్తున్నది.

అది 1978 దసరా. దళమువారు ముగ్గురు గుంటూరు ప్రాంతమునుండి వచ్చిరి. నాయకుడు తాను నాజరుగారి పద్ధతిలో నేర్చినవాడనని చెప్పుకొనెను. ఆ దినములలో ప్రతి కథకుడును ఆ మాట చెప్పెడివాడే. నిజముగ శిష్యులైనవారును చాలమంది కలరు. సాయంకాలము హాస్యపు వంత రెండుగంటలసేపు మా వీధి చివరి టీకొట్టు వద్ద కూర్చుండి వచ్చిపోవువారి మాటలు వినుచుండెను. ఊరక కాలక్షేపమనుకొంటిమి. రాత్రి కథలో నాగమ్మ పందెపుకోడిని వర్ణించునప్పుడు అతడు ఆ టీకొట్టున విన్న తమిళపు మాటలు నాలుగు కూర్చి ఒక విసురు విసిరెను. ఆడవారు పైటచెంగు నోటికి అడ్డుపెట్టుకొని నవ్విరి. తెలుగు సగము మరచిన ముసలివారు గూడ ఆ తరువాత కథను వదలలేదు. చాపకూటి ఘట్టమునకు వచ్చునప్పటికి పందిరి వెలుపల, వెలుతురు చాలని చోట, కొందరు నిలువబడి వినుచుండిరి. మేము వాలంటీరు బ్యాడ్జి పెట్టుకొని ద్వారము వద్ద ఉంటిమి. వారు మిల్లు వెనుక పేటవారు. లోపల చోటుండెను. రండని మేము పిలువలేదు; వారును రాలేదు. కథ ముగియగానే వెడలిపోయిరి. వాలంటీరులకు ఇయ్యబడిన ఆజ్ఞలలో అటువంటి మాట ఏదియు లేదు. మాకు మేముగనే చేసిన పని అది.

ఇక ఒక మాటను గూర్చి. మా ఇంటిలో మా నాయనమ్మకు కోపము వచ్చినప్పుడు పిల్లలను తిట్టు తిట్టు 'పింజారి'. అల్పుడని, పనికిరానివాడని ఆమె భావము. ఆమెకును తెలియదు, మాకును తెలియదు, అది ఒక వృత్తివారి పేరని. ఆంధ్రదేశమునను ఆ మాటను ఈ అర్థముననే వాడుదురని తరువాత తెలిసికొంటిమి. మేము మిల్లులో స్టోర్సు గుమాస్తాగా చేరిన తరువాత గుంటూరు ప్రాంతమునుండి ప్రత్తివ్యవహారమునకు ఒక పెద్దమనిషి వచ్చుచుండెడివారు. తెలుగు మాట్లాడువాడు కనబడినచో వారికి పండుగ. ఒకమారు ఏదో బేళ్ల లెక్క తప్పిన కుర్రవానిని మేము వారి యెదుటనే ఆ మాటతో కసరితిమి. వారు నవ్వి ఊరకుండిరి. తరువాతి రాకలో మాకొక పుస్తకము తెచ్చి ఇచ్చిరి. అది నాజరుగారి ఆత్మకథ. వారు చెప్పగా అంగడాల వెంకటరమణమూర్తిగారు వ్రాసినది. దాని పేరు 'పింజారి'.

ఆ పుస్తకమును మేము ఆ రాత్రియే చదివితిమి. పద్మశ్రీ పొందినవాడు, బుర్రకథాపితామహుడని లోకము పిలుచుచున్నవాడు, తన జీవితమునకు తన కులమునకు లోకము పెట్టిన తిట్టునే పేరుగ నుంచుకొనెను. ఎవరిని తిట్టుటకు ఉపయోగించుచుంటిమో వారి గొంతునే మేము పదేండ్ల వయస్సున ఇసుక టాకీసులో నోరు తెరచి వింటిమి. ఆ పెద్దమనిషి మమ్ములను ఏమియు అనలేదు. మరుసటి రాకలో పుస్తకము తిరిగి ఇయ్యబోగా, ఉంచుకొనుడనిరి. మా బీరువాలో నేటికిని ఉన్నది. ఆ మాట మాత్రము మా యింట ఆ తరువాత వినబడలేదు. నాయనమ్మ అప్పటికి గతించినది గనుక ఆమెకు చెప్పుట పడలేదు.

నాజరుగారికి పద్మశ్రీ బిరుదము 1986లో లభించెను. 1997 ఫిబ్రవరి 22న వారు పరమపదించిరి. నడుమ కాలమున బుర్రకథ అనేక పనులకు వినియోగపడినది. ప్రభుత్వమువారు కుటుంబనియంత్రణమునకును, చిన్నమొత్తముల పొదుపునకును, మద్యనిషేధమునకును దళములచేత కథలు చెప్పించిరి. రేడియోలో పండుగదినములందు వినబడెను. ఇందువలన కళాకారులకు భుక్తి జరిగినది, దానిని తప్పుపట్టరాదు. కాని కథకుడు తన మనస్సునకు పట్టిన కథను చెప్పుటకును, కాగితముపై వ్రాసియిచ్చిన ప్రకటనను చెప్పుటకును వినువారికి భేదము తెలియును. రెండవదానిలో వంత అడుగు సందేహములకు సమాధానము ముందే నిర్ణయమై యుండును. టెలివిజను వచ్చిన తరువాత పల్లెలలో రాత్రంతయు కథ విను ఓపిక తగ్గెను. మూడు గంటల కథ అరగంట అయ్యెను. పక్షిరాజా స్టూడియో కూడ ఇప్పుడు లేదు. శ్రీరాములు నాయుడుగారు తరువాత బెంగళూరు వెళ్లి అచ్చట చాముండేశ్వరీ స్టూడియో స్థాపించిరి.

మా సంఘమున మేము 14 సంవత్సరములనుండి సభ్యత్వపు రిజిస్టరు వ్రాయుచున్నాము. పేరు, తండ్రిపేరు, చిరునామా, చందా, రసీదు నంబరు. మిల్లు స్టోర్సులోవలె ఇందును ఒక్క తప్పు లేకుండ చూచుకొంటిమని మాకు కొంచెము గర్వము. గత సంవత్సరము ఉగాదికి పిల్లలకు చూపవలెనని 'అగ్గిరాముడు'లోని బుర్రకథను హాలులో తెరపై వేయించితిమి. హాలు ఊడ్చుటకు వచ్చిన ఒక ముసలమ్మ చీపురు ప్రక్కనుంచి గోడకానుకొని నిలువబడి చూచెను. వంత మాటకు ఆమె నవ్వెను. ప్రక్కనున్న మా మనుమడు, "అవ్వా, ఏమన్నాడు?" అని మమ్ములనుగాక ఆమెను అడిగెను. ఆమె వానికి తన తెలుగులో చెప్పెను. వానికి అర్థమాయెను, మేము చెప్పియుండినచో అర్థమగునో లేదో తెలియదు, మాది పుస్తకముల తెలుగు గదా.

ఆ రాత్రి ఇంటికి వచ్చి రిజిస్టరు మొదటిపుటనుండి చూచితిమి. మిల్లు వెనుక పేట చిరునామాతో ఒక్క పేరును లేదు. ఎవరును చేర్చవలదని వ్రాసిన తీర్మానము లేదు. ఎవరును చేర్చుకొమ్మని అడిగిన కాగితమును లేదు. కార్యవర్గ సమావేశమున ఈ విషయమును మేము ఉంచితిమి. కొందరు మంచిదే యనిరి. కొందరు చందా విషయమై సందేహించిరి. ఒకరు, వారికి తెలుగు చదువను వ్రాయను రాదు గదా యనిరి. మా సభ్యులలో సగముమందికి రాదని రిజిస్టరులోని తమిళ సంతకములు చూపితిమి. తీర్మానము తరువాతి సమావేశమునకు వాయిదా పడినది. ఆ తరువాతి దానిలో నెగ్గినది.

ఈ సంవత్సరము ఆ పేటనుండి 6 కుటుంబములు చేరినవి. చేరినవారిలో బస్సు డ్రైవరుగా పనిచేసి విరమించిన ఒకాయన ఉన్నారు. మాకంటె రెండేండ్లు పెద్ద. 1978 దసరా కథ తమకు జ్ఞాపకమున్నదనిరి. ఎచ్చట నిలువబడి వింటిరో మేము అడుగలేదు. ఆయనకు గొంతు కలదు, తాళజ్ఞానము కలదు. పేటలోని కుర్రవారిద్దరిని, మా మనుమనిని కూర్చుండబెట్టి పల్నాటి కథలో ఒక ఘట్టము సెల్‌ఫోనులో విని విని నేర్పుచున్నారు. తెలుగు అక్షరము రానందున పాఠమును తమిళలిపిలో వ్రాసికొనిరి. తంబురా సంఘమున పాతది ఒకటి ఉన్నది, తీగెలు వేయించితిమి. అందెలు కంచరివాడు చేసియిచ్చెను. గుమ్మెటలు మాత్రము ఇచ్చట దొరకలేదు. గుంటూరునుండి తెప్పించుటకు మేము జాబు వ్రాసియున్నాము. అవి వచ్చువరకును కుర్రవాండ్రు ప్లాస్టిక్ బిందెలపై వాయించుచున్నారు.